మూడోసారి అడిగితే

కాఫీ పొయ్యనా అని వివియన్ అడిగితే మార్లిస్ కివేలా అబ్బే, వద్దులే అంది. ఒక్క కప్పు, అంది వివియన్. ఎందుకులే నీకు శ్రమ, అంది మార్లిస్. ఇక వివియన్ మూడోసారి అడగాలి, నీ మాట కాదనడం ఎందుకు, సగం కప్పు చాలు అని మార్లిస్ అనాలి, వివియన్ కప్పు నిండా పొయ్యాలి. ఆ కప్పు అందుకోవడానికి మార్లిస్ చెయ్యి దానంతటదే ఒళ్ళోంచి లేచింది కూడా. సరిగ్గా అప్పుడే హాల్లోంచి ఎవరో పిలిచారు, వివియన్ కాఫీ జగ్గుతో సహా తలుపవతలికి వెళ్ళిపోయింది. లేచిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, ఏం చెయ్యాలో తోచక జుట్టు సర్ది కిందికి దిగింది. పొద్దున ఇంట్లో తాగిన కాఫీయే ఆఖరు, నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా మిన్నెసోటాలో పుట్టి పెరిగి అరవై దాటిన మనిషి, ఆగు వివియన్, నాకు కాఫీ కావాలి అని వెనకనుంచి కేకెయ్యడం ఎక్కడైనా ఉందా, దానికన్నా గొంతెండి చావడం గౌరవం.

కూర్చున్నది బడిలో ఆడపిల్లలు ఆటకు ముందు బట్టలు మార్చుకునే గది. సన్నటి చెక్కబల్ల, తడిసిన బూట్ల వాసన, పౌడరు వాసన. గోడకవతల బాస్కెట్‌బాల్ హాల్లో రెండు వందలమంది పార్టీ ప్రతినిధులు ఒక్కసారిగా మాట్లాడుతున్న రొద. నాలుగో విడత ఓట్ల లెక్క ఇప్పుడే చదివారు. టాడ్ లెసార్ ముందున్నాడు, మార్లిస్ ఏడు ఓట్లు వెనకుంది. టికెట్టు రావాలంటే నూటికి అరవై ఓట్లు కావాలి. అవి ఇద్దరికీ రాలేదు, ఇద్దరూ ఇలాగే బిగుసుకు కూర్చుంటే రావు కూడా. ఈ ఇనుప గనుల ప్రాంతం నుంచి రాష్ట్ర సెనేట్‌కు పార్టీ తరపున ఎవరు నిలబడాలో ఈ హాల్లోనే, ఈ పూటే తేలాలి, ఎందుకంటే సాయంత్రం అయిదింటికి హాలు పిల్లలకు అప్పగించాలి, ఏటా జరిగే డాన్సు ఇవాళే. ఆలోపు తేలకపోతే టికెట్టు ఎవరికీ లేనట్టే, ఇద్దరూ ఎండాకాలమంతా ఊళ్ళవెంట తిరిగి ఆగస్టులో పార్టీ లోపలి ఎన్నికలో జనం ముందు కొట్టుకోవాలి. తేలడానికి అందరికీ తెలిసిన దారి ఒకటుంది. అయిదో విడత మొదలయ్యేలోపు మార్లిస్ మైకు దగ్గరికి వెళ్ళి, నేను తప్పుకుంటున్నాను, నావాళ్ళంతా టాడ్‌కు వెయ్యండి అనాలి. వెనకబడినవాళ్ళు తప్పుకోవడం మర్యాద, పొద్దున మూడో అభ్యర్థి అలాగే తప్పుకున్నాడు, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, అతను ఓడిపోయిన సంగతే ఎవరికీ గుర్తులేనంత గట్టిగా కొట్టారు.

ఏడు. మొదటి విడతలో ముప్పైకి పైన తేడా, తరవాత అందులో సగం, ఆ తరవాత పన్నెండు, ఇప్పుడు ఏడు. ఏడుగురంటే ఎంతమంది, పిల్లాజెల్లా ఉన్నవాళ్ళు కొనే పెద్దకారులో పట్టేస్తారు. నలుగురు మనసు మార్చుకుంటే చాలు, తను ముందుంటుంది. నలుగురు. మార్లిస్ రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టుకుంది, ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన చెయ్యి కదా, నాడి ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు. పరుగెడుతోంది. ఇదేమిటి, ఈ వయసులో ఇలా పరుగెడుతోంది, ఇలా పరుగెత్తిన నాడులు కాన్పు గదిలో చూసింది, ఇంకొక్కసారి అమ్మా, ఇంకొక్కసారి, తల కనిపిస్తోంది అని చెబుతుంటే మంచం మీది పిల్ల చేతిలో ఇలాగే కొట్టుకునేది. భయం కాదు ఇది. భయమైతే అరచేతులు చల్లబడతాయి, తనవి వేడిగా ఉన్నాయి. సరస్సు మీద మంచు పగిలే రోజుల్లో ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుంది, మంచు మధ్యలో పెట్టిన తుప్పు డ్రమ్ము ఎప్పుడు మునుగుతుందా అని పందేలు కాస్తుంది, ముందు ఎక్కడో లోపల సన్నగా చిట్లిన చప్పుడవుతుంది, అందరూ ఊపిరి బిగబడతారు. ఆ చప్పుడు ఇవాళ పొద్దుటినుంచి తన లోపల వినబడుతోంది.

గోర్డన్ నైబర్గ్‌కు మాత్రం వినబడలేదు. జిల్లా పార్టీ అధ్యక్షుడు, పెద్దమనిషి, ఎవరి మనసూ నొప్పించని వాడు, ఆ నొప్పించకపోవడంతోనే అందర్నీ తన దారికి తెచ్చుకుంటాడు. లెక్క చదివిన మరుక్షణం మెల్లగా పక్కకు వచ్చి, ఏం మార్లిస్, బాగా అలిసిపోయినట్టున్నావు అన్నాడు. ఈ ప్రాంతంలో ఆ మాటకు అర్థం తప్పుకో అని. తరవాత అసలు మాట కూడా అన్నాడు. "నాలుగేళ్ళ కిందట ఏమైందో చూశావుగా. మనవాళ్ళిద్దరూ ఆగస్టుదాకా జుట్టూజుట్టూ పట్టుకున్నారు, నవంబర్లో అసలు ఎన్నికలొచ్చేసరికి సీటు మళ్ళీ అవతలి పార్టీవాళ్ళే పట్టుకుపోయారు. పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చినట్టయింది. ఆలోచించు." అందులో అబద్ధమేమీ లేదు, అదే బాధ. ఓడిన రాత్రి ఈ గోర్డనే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ తుడుచుకుంటూ మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాడు. మార్లిస్ ఏమంది, అబ్బే, అప్పుడే ఏమైంది గోర్డన్, ఇంకో విడత చూద్దాం అంది. గోర్డన్ చిరునవ్వు నవ్వి, అలాగే, అలాగే అని ఆమె చెయ్యి రెండు చేతులతో నొక్కి వెళ్ళాడు. ఎందుకలా నొక్కాడు, పెళ్ళి సంబంధం కుదిరినట్టు.

ఎదురుగా ఇనుప అల్మరా తలుపుకు నీలం గౌను వేలాడుతోంది, ప్లాస్టిక్ సంచీ తొడిగి, రాత్రి డాన్సుకు ఎవరో పిల్ల ముందే తెచ్చి పెట్టుకుంది. భుజాల దగ్గర మెరుపులు. తనదీ నీలమే, కానీ మెరుపులు లేవు, అమ్మ కుట్టింది, చంకల కింద బిగుతు. ఆ రోజు ఆర్వో కివేలా వచ్చి డాన్సు చేస్తావా అన్నాడు, అబ్బే, నాకు రాదు అంది. వెళ్ళిపోయాడు. హాలంతా చుట్టి మళ్ళీ వచ్చి ఇప్పుడు చేస్తావా అన్నాడు, కాలు నొప్పి అంది. మళ్ళీ వెళ్ళిపోయాడు, ఈసారి ఎంతకీ రాలేదు, ఒక పాట అయిపోయింది, ఇంకోటి అయిపోయింది, పొడుగ్గా, చెవులు బయటికొచ్చిన ఆ తల ఎక్కడా కనిపించలేదు, అయ్యో మొద్దుదానా, వెళ్ళిపోయాడే అని లోపల ఒకటే ఏడుపు. అమ్మ చెప్పేది, మొదటి వద్దు మర్యాదకి, రెండో వద్దు ఎదుటివాణ్ణి చూడటానికి, మూడోసారి ఏమంటామో అదే మనసులోది అని, మూడోసారి అడగని వాడితో పనే లేదని. ఆర్వో వచ్చాడు. పాటలన్నీ అయిపోయి ఆఖరిది మొదలయ్యాక వచ్చి, కాలు తగ్గిందా అన్నాడు. తగ్గింది అంది. ఆ తరవాత ఇద్దరూ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ నలభై ఏళ్ళు గడిపేశారు. ఇప్పుడు హాల్లో ఆట చూసేవాళ్ళు కూర్చునే మెట్లలో పై మెట్టు మీద టోపీ తియ్యకుండా కూర్చున్నాడు, ఇంటినుంచి తెచ్చుకున్న చేపముక్కల బ్రెడ్డు తింటున్నాడు, నాలుగు విడతలకీ కలిపి ఇంకా ఒక్క మాట మాట్లాడలేదు.

కానీ అందరూ ఆర్వోలు కారు. ఆ ఫోను. తలుచుకుంటే ఇప్పటికీ చెవి వేడెక్కుతుంది. ఎనిమిదేళ్ళ కిందట ముసలి సెనేటరు ఇక చాలు అని ఇంటికొచ్చేసినప్పుడు, రాజధానిలో పార్టీ ఆఫీసు నుంచి ఒకతను ఫోన్ చేశాడు, ఎక్కడో దక్షిణ రాష్ట్రాల్లో పెరిగి కొత్తగా వచ్చినవాడట, చలాకీ గొంతు. ఆ సీటుకు మీరు నిలబడాలండీ, మీ పేరే అందరూ చెబుతున్నారు అన్నాడు. వంటింట్లో నిలబడి ఉంది మార్లిస్, చేతికి పిండి, ఒళ్ళంతా జల్లుమంది, కళ్ళముందు సెనేట్ భవనం పాలరాతి మెట్లు కనబడ్డాయి, ఆ మెట్లమీద తన మంచుబూట్లు కూడా కనబడ్డాయి. నోరు మాత్రం, అబ్బే, నాకంటే సమర్థులు బోలెడుమంది ఉన్నారండీ అంది. అర్థమైందండీ, నిజాయితీగా చెప్పారు, చాలా సంతోషం, అని అతను ఫోను పెట్టేశాడు. అంతే, పెట్టేశాడు. మార్లిస్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. ఇంకా రెండుసార్లు అడగాలి కదా, తెలియదా ఇతనికి, కన్నవాళ్ళు ఏమీ నేర్పలేదా. ఆ వారమంతా ఫోను దగ్గరనుంచి కదల్లేదు, స్నానానికి వెళ్ళినా తలుపు తీసే ఉంచింది. నువ్వే చెయ్యొచ్చుగా అన్నాడు ఆర్వో. ఛీ, ఏమనుకుంటారు అంది. వాళ్ళేమీ అనుకోలేదు, ఇంకెవరినో నిలబెట్టారు, ఆ మనిషి ఎక్కడికెళ్ళినా వాతావరణం గురించి మాట్లాడి ఓడిపోయాడు. చేతికందిన కూడు నోటికందలేదంటారు, ఇది నోటిదాకా వస్తే నోరే వద్దంది. ఆ మరుసటేడు ఆసుపత్రి యాజమాన్యం కాన్పుల వార్డు మూసేసింది, లాభం లేదంది, అడగాల్సిన చోట అడిగే సెనేటరు లేడు. మార్లిస్ ముప్పై ఏళ్ళు నిలబడిన గదిలో ఇప్పుడు పాత కుర్చీలు పేర్చి ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. వివియనేమోనని గుండె లేచింది, కాదు, చెల్లెలు లోయిస్. మార్లిస్ తరపు ప్రతినిధే, మెళ్ళో అక్క పేరున్న పచ్చ రిబ్బను. వచ్చి పక్కన కూర్చుని, ముందు రిబ్బను సర్దుకుంది, తరవాత కండువా సర్దుకుంది, ఇక సర్దుకోవడానికేమీ దొరకలేదు.

"అక్కా, చాల్లే ఇంక. బాగా చేశావు. ఇంత దగ్గరికొస్తావని ఎవరనుకున్నారు."

"ఏడేగా లోయీ."

"ఏడో ఎనిమిదో. వెనకేగా ఉన్నాం. రేపు చర్చిలో ఎవరి మొహం చూడాలి మనం. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, అందరూ మనల్నే చూస్తున్నారు. నా పక్కన కూర్చున్నావిడ ఏమందో తెలుసా, మీ అక్క చాలా పట్టుదల మనిషండీ అంది."

ఇక్కడ ఆడదాన్ని అంతకన్నా పెద్ద తిట్టు తిట్టలేరు. మార్లిస్‌కు నవ్వొచ్చింది, కాని నవ్వలేకపోయింది, ఎందుకంటే అడిగింది గోర్డన్ కాదు, లోయిస్, చిన్నప్పుడు రాత్రిళ్ళు చలికి తన దుప్పట్లో దూరి చల్లటి పాదాలు తన పిక్కలకు ఆనించి పడుకున్న లోయిస్. అబ్బే, ఇంకో విడత చూద్దాంలేవే, అంది. లోయిస్ నిట్టూర్చి, సరే అయితే, మొహం కడుక్కో, కళ్ళకింద నల్లగా ఉంది, గోర్డన్ కేకు కూడా తెప్పించేశాడు, మీ ఇద్దరి పేర్లూ రాయించాడు, అని భుజం తట్టి వెళ్ళిపోయింది. కేకా. నేను ఇంకో విడత చూద్దామంటే ఇది కేకు అంటుందేమిటి. మార్లిస్ మూసిన తలుపు వంక చూస్తూ ఉండిపోయింది. అప్పుడు తెలిసింది గోర్డన్ చెయ్యెందుకు నొక్కాడో. వాళ్ళు అడిగారు, తను వద్దంది. ఒకటి. మళ్ళీ అడిగారు, మళ్ళీ వద్దంది. రెండు. ఇక మూడోసారి అడిగితే, సరే మీ మాట ఎందుకు కాదనాలి అంటుందని అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఏడు ఓట్ల తేడాని, పొద్దుటినుంచి కూడబెట్టుకున్న ఒక్కొక్క ఓటునీ, తన నోటిమాటనీ అందరూ కలిసి కాఫీ కప్పులో పోసేశారు.

పంపు తిప్పి మొహం కడుక్కుంది, నీళ్ళు మంచులా ఉన్నాయి. ఒళ్ళు మండిపోయింది వాళ్ళమీద, అంతలోనే మంట తనవైపు తిరిగింది. వాళ్ళ తప్పేముంది, ఇన్నాళ్ళూ తను వద్దన్న ప్రతిదానికీ అర్థం కావాలనేగా. మొహమాటానికి పోతే కడుపైందని సామెత, ఈ ఊళ్ళో మొహమాటానికి పోతే కాన్పు కారులో అవుతుంది. నిజంగానే అయింది. రెండేళ్ళ కిందటి చలికాలం, కెయ్‌లా అనే పిల్ల, కిరాణా కొట్లో పనిచేసేది, నెప్పులు మొదలైతే ఆసుపత్రికి ఫోన్ చేసింది, వాళ్ళు అంబులెన్సు పంపమంటారా అని అడిగితే, అబ్బే, ఎందుకండీ, నిజంగా అవసరమైనవాళ్ళు ఎవరైనా ఉంటారు అందట. నిజంగా అవసరమైనవాళ్ళు. మొగుడు కారులో ఎక్కించుకుని పెద్దాసుపత్రి ఉన్న డులూత్ బయల్దేరాడు, గంటన్నర దారి, మంచు ఎత్తే బండి వెనక ఇరుక్కుపోయారు. దారి పక్కన ఇల్లు మార్లిస్‌ది కాబట్టి మార్లిస్‌కు ఫోను. మోకాళ్ళలోతు మంచులో నిలబడి, సగం ఒళ్ళు కారు లోపలా సగం బయటా, వీపు మీద గాలి చురకత్తులు, అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లగా, ఆర్వో టార్చి పట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. కెయ్‌లా ఆ నెప్పుల మధ్య కూడా, మిమ్మల్ని నిద్ర లేపానండీ, ఏమీ అనుకోకండీ అంటోంది. నోర్ముయ్యవే తల్లీ, ముక్కు అంది మార్లిస్, బతుకులో మొదటిసారి ఒకరిని నోర్ముయ్యమంది. బిడ్డ నీలంగా వచ్చింది, కదల్లేదు, తిప్పి వీపు రుద్దింది, రుద్దింది, ఒక యుగం రుద్దింది, అప్పుడు ఏడ్చింది. ఆ బిడ్డే ఇప్పుడు గోడకవతల పచ్చ రిబ్బను నోట్లో పెట్టుకుని బెంచీల మధ్య పరుగెడుతోంది. ప్రతినిధిగా వచ్చిన కెయ్‌లా పొద్దున ఓటు కాగితం మడిచి పెట్టెలో వేస్తూ మార్లిస్ వంక చూసి ఏమీ అనలేదు, చెయ్యి కూడా ఊపలేదు, కాని నాలుగు విడతలూ అక్కడే ఉంది, పిల్ల నిద్రకు ఏడుస్తున్నా ఇంటికి వెళ్ళలేదు. మార్లిస్ తప్పుకుంటే కెయ్‌లా కూడా లేచి చప్పట్లు కొడుతుంది, మర్యాద తెలిసిన పిల్ల. కొట్టి, ఎండాకాలంలో రెండో కాన్పుకు మళ్ళీ ఆ గంటన్నర దారే పడుతుంది.

టాడ్ చెడ్డవాడేం కాదు, అదీ చిక్కు. చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది. లాయరు, మాట మెత్తన, అయిదేళ్ళ కిందట మార్లిస్ కౌంటీ బోర్డుకు నిలబడితే గుమ్మం గుమ్మం తిరిగి ప్రచారం చేశాడు, కుక్క కరిచినా మానలేదు. పొద్దున ప్రసంగంలో వార్డు గురించి ఒక్క వాక్యం చెప్పాడు, సాధ్యాసాధ్యాలు పరిశీలిస్తాం అన్నాడు. పరిశీలిస్తాడు, ఫైలు అన్నాక పరిశీలించాల్సిందే. మరి వార్డు కోసమేనా ఇదంతా, మార్లిస్, నిజం చెప్పు, అద్దంలో చూస్తూ చెప్పు. అద్దంలో తడిమొహం, కనుబొమలనుంచి నీళ్ళు కారుతున్నాయి. వార్డు కోసం, అవును. కెయ్‌లా కోసం, అవును. కాని ఇందాక మైకులో తన పేరు, పక్కన ఆ అంకె చదివినప్పుడు హాలంతా హోరెత్తితే, కాళ్ళకింద చెక్కనేల అదిరి ఆ అదురు మోకాళ్ళదాకా పాకినప్పుడు, అప్పుడు వార్డు గుర్తులేదు, కెయ్‌లా గుర్తులేదు. కావాలి. నాకే కావాలి. ఆ పాలరాతి మెట్లు నేనెక్కాలి. అబ్బ, ఎంత బాగుంది ఈ మాట, కావాలి, కావాలి, పెదాలు కదిలించి అద్దంలో చూసుకుంటూ అంది, ఎవరూ వినలేదు కదా అని వెనక్కి తిరిగి చూసింది. అరవై ఏళ్ళూ ఈ మాట ఎక్కడ దాక్కుంది. నవంబర్లో ఓడిపోతే, సీటు మళ్ళీ పోతే, గోర్డన్ మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంటే అదంతా తన నెత్తినే పడుతుంది, చర్చిలో పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఉండనీ. భయపడాల్సిన చోట భయం వెయ్యడం లేదు, నాడి ఇంకా పరుగెడుతోంది, తల కనిపిస్తోంది, ఇంకొక్కసారి అమ్మా, ఇంకొక్కసారి.

తలుపు మీద వేళ్ళతో చిన్నగా కొట్టిన చప్పుడు.

"మార్లిస్ గారూ, నేను టాడ్‌ని. లోపలికి రావచ్చా?"

"ఆడపిల్లల గది నాయనా ఇది. అక్కడే నిలబడు, నేనొస్తున్నా."

మొహం తుడుచుకుని వెళ్ళి తలుపు తీసింది. గుమ్మానికి పక్కగా, లోపలికి చూడకుండా చూపు నేలకేసి నిలబడ్డాడు టాడ్. టై వదులైంది, చొక్కా వీపుకు అంటుకుపోయింది. పాపం, వీడికీ కాఫీ దొరికినట్టు లేదు.

"నాకు ఈ మాట అడగడానికి నోరు రావడం లేదండీ," అన్నాడు.

"అడుగు."

"మీరేమీ అనుకోకపోతే."

"అనుకోనులే, అడుగు."

"తప్పుకుంటారా? గోర్డన్ గారు, మీరు ఇంచుమించు ఒప్పుకున్నారని చెప్పారు. నేనొచ్చి ఒక మాట అడిగితే మర్యాదగా ఉంటుందన్నారు. రేపు గెలిస్తే వార్డు సంగతి మీరెలా చెబితే అలాగే చేస్తాను, ఒట్టు."

అడిగాడు. మార్లిస్ నాలుక చివర ఆ మాట తయారుగా కూర్చుంది, అరవై ఏళ్ళ అలవాటు, ఎంత నున్నగా అరిగిందో, నీ మాట ఎందుకు కాదనాలి, ఒక్క ఊపిరి వదిలితే అదే బయటికి జారిపోతుంది, జారితే కేకు, చప్పట్లు, అందరూ కౌగిలించుకోవడం, ఎంత మంచి మనిషండీ అనడం.

"లేదు టాడ్. తప్పుకోను."

టాడ్ తల ఊపాడు, మర్యాదగా చిరునవ్వు నవ్వాడు, ఇంకేదో వినబోతున్నట్టు ఆగాడు. వినాల్సింది రాలేదు.

"గోర్డన్ ఒకసారి అడిగాడు," అంది మార్లిస్. "లోయిస్ ఒకసారి అడిగింది. నీది మూడోది."

ఈ ఊళ్ళో పుట్టినవాడే, మళ్ళీ చెప్పక్కరలేదు. చిరునవ్వు మెల్లగా మొహంలోంచి దిగిపోయింది, చూపు మొదటిసారి నేలమీంచి లేచి ఆమె కళ్ళలోకి వచ్చింది. అయితే నిజంగానే అన్నమాట, అన్నాడు. నిజంగానే, అంది. అప్పుడు మార్లిస్‌కు ఏం పుట్టిందో, లోపలినుంచి పొంగుకొచ్చింది.

"మరి నువ్వు తప్పుకుంటావా?"

"నేనా?" టాడ్ తెల్లబోయాడు. "అబ్బే, ముందున్నది నేను కదండీ."

"సరే," అంది మార్లిస్. "ఇది ఒకటి."

హాల్లోకి అడుగుపెట్టేసరికి గోర్డన్ మైకు దగ్గర గొంతు సవరించుకుంటున్నాడు. మన మార్లిస్ రెండు మాటలు చెబుతుంది అన్నాడు, ఆ చెప్పడంలోనే ఎంత తృప్తి, బల్ల మీద కేకు మూత అప్పటికే తీసి ఉంది. రెండు వందలమందీ సద్దుమణిగారు. కుర్చీల మధ్య దారి ఎప్పుడూ ఇంత పొడుగుందా, అందరి మొహాల్లోనూ అదే మెత్తటి జాలి, చావింట్లో పలకరించడానికొచ్చిన మొహాలు, కొందరు చప్పట్లకు చేతులు దగ్గరికి తెచ్చి పెట్టుకున్నారు కూడా. కెయ్‌లా పిల్లను భుజానేసుకుని గోడకానుకుని నిలబడింది. పై మెట్టు మీద ఆర్వో బ్రెడ్డు తినడం ఆపాడు. మైకు పొడుగు, టాడ్ ఎత్తుకు పెట్టింది, మార్లిస్ దాన్ని కిందికి దించింది, అది కీచుమంది.

"పొద్దుటినుంచి నన్ను తప్పుకోమని మూడుసార్లు అడిగారు," అంది. గొంతు తనది కానట్టు పైనుంచి, చుట్టూనుంచి వినబడింది. "మూడుసార్లూ లేదన్నాను. మూడోసారి కూడా లేదన్నాను. మీకందరికీ దాని అర్థం తెలుసు. నాకు ఈ సీటు కావాలి. ఓటు వెయ్యండి."

తరవాత ఎక్కడో వెనక వరసలో ఒక ముసలాయన పకపకా నవ్వాడు, ఆ నవ్వు పక్కవాడికి అంటుకుంది, వరసనుంచి వరసకు పాకింది, టాడ్ వైపు కూర్చున్నవాళ్ళు కూడా నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు, ఎవరింట్లో వాళ్ళు ఎన్నిసార్లు ఆ రెండు వద్దులూ అనలేదు గనక. చప్పట్లు మొదలయ్యాయి, పొద్దున తప్పుకున్నతనికి కొట్టిన చప్పట్లలాంటివి కావు ఇవి, చెక్కనేల మళ్ళీ అదిరింది. గోర్డన్ కేకు మీద మూత పెట్టేశాడు. ఓటు కాగితాలు పంచమని మైకులో చెప్పినప్పుడు పాపం అతని గొంతు కాస్త బొంగురుపోయింది. మార్లిస్ వచ్చి తన కుర్చీలో కూలబడింది. పక్కన లోయిస్ ఆమె వంక చూడకుండా, మొహం గంటుపెట్టుకుని, ఓటు కాగితం మీద అక్క పేరు రాస్తోంది, కాగితం పట్టనంత పెద్ద అక్షరాలతో రాస్తోంది.

"కాఫీ పొయ్యనా?" వివియన్, జగ్గుతో.

"పొయ్యి."

వివియన్ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. రెండు వద్దులు వినడానికి సిద్ధమై వచ్చిన మనిషి, అప్పుడే పోసే ఉద్దేశం లేక జగ్గు మూత కూడా తియ్యలేదు. "ఏంటీ?" అంది.

"కాఫీ. నిండా పొయ్యి."

వివియన్ మూత తీసి పోసింది. వేడిగా, పలచగా, చర్చి కాఫీలాగే చేదుగా ఉంది, నాలుక కాలింది, ఇంత మంచి కాఫీ మార్లిస్ ఎన్నడూ తాగలేదు. కప్పు ఖాళీ అయ్యేలోపు పెట్టెలు తీసుకెళ్ళారు, మరో కప్పు ఖాళీ అయ్యేలోపు గోర్డన్ కాగితం పట్టుకుని వచ్చాడు, కళ్ళజోడు ఒకసారి తుడిచాడు, అంకెలు ఒకసారి తనలో చదువుకున్నాడు, రెండోసారి పైకి చదివాడు. నూటికి అరవై ఎవరికీ రాలేదు. మార్లిస్ కివేలా మూడు ఓట్లు ముందుంది.

హోరు మధ్యలో లోయిస్ ఆమె మెడ పట్టుకుని ఊపేస్తోంది, పై మెట్టు మీద ఆర్వో టోపీ తీశాడు, ఆ బట్టతల అంతమందిలో ఎంత స్పష్టంగా కనబడిందో. మార్లిస్ లేచింది. వివియన్ చేతిలోంచి కాఫీ జగ్గు తీసుకుంది, ఒక శుభ్రమైన కప్పు తీసుకుంది, కుర్చీల మధ్యనుంచి హాలు అటు చివర నిలబడ్డ టాడ్ లెసార్ దగ్గరికి నడిచి, కప్పు అతని చేతిలో పెట్టి కాఫీ పోసింది.

"టాడ్," అంది, "రెండోసారి అడుగుతున్నాను."